ఇల్లు లేని జట్లు

క్రీడలను గురించి వ్రాయబూనినవారు సాధారణంగా గెలుపోటములను గురించి వ్రాస్తారు. ఎవరు గోలు చేశారు, ఎవరు బంతిని జారవిడిచారు, ఏ కప్పు ఏ బీరువాలో చేరింది అన్నవే ముచ్చట్లు. జమాఖర్చుల పుస్తకాన్ని గురించి, మైదానం అద్దెను గురించి వ్రాసేవారు అరుదు. అవి గుమాస్తాల వ్యవహారాలని మనలో ఒక చిన్నచూపు ఉన్నది. తెనాలిలోను, బాపట్లలోను, రేపల్లెలోను నివసిస్తూ, ఒకే కళాశాల నీడన కలుసుకొని, 2019 నుంచి ఒక ఫుట్‌బాల్ జట్టును నడుపుకొస్తున్న మాకు ఆ చిన్నచూపు ఎన్నడో తీరిపోయింది. మా జట్టు ప్రాణం ఇప్పుడు ఒక నూరు పేజీల నోటుపుస్తకంలోను, తెనాలి పొలిమేరలో కాలువగట్టు ప్రక్కనున్న రెండెకరాల చేలోను ఉన్నది. ఆ రెండూ సందేహంలో పడినవి గనుకనే ఈ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చింది.

మాలో కొందరు చదువు ముగించుకొని దుకాణాలలోను, కార్యాలయాలలోను చేరినారు. మరికొందరు ఇంకా తరగతులలో కూర్చుంటున్నారు. మేమందరమూ చిన్ననాట విన్న క్రీడాకథ ఒక్కటే. అది రహీం సాహెబ్ కథ. మా ఇండ్లలోని దాదాలు, తాతలు క్రికెట్టును గురించి మాట్లాడుకొంటున్నట్లే కనబడి, మాట మధ్యలో హైదరాబాదు పోలీసు జట్టు మీదికి పోయేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పును గెలుచుకొన్నది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణపతకాలు పొందింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానంలో నిలిచింది. జకార్తా విజయం నాటికే ఆయనను క్యాన్సర్ పట్టి పీడిస్తున్నది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. 2024లో ఆయన జీవితం మీద హిందీలో చలనచిత్రం వచ్చిన తరువాతగాని మన తోటి విద్యార్థులలో చాలామందికి ఆ పేరు తెలియలేదు.

ఈ కథను మా పెద్దలు చెప్పినంత కాలమూ మేము ఆటను గురించే విన్నాము. జట్టును నడిపే బరువు నెత్తిన పడిన తరువాత ఆ కథలోని మరొక భాగం మాకు తోచింది. ఆ జట్టు ఏ ధనికుని దయ మీదా ఆధారపడలేదు. ఆటగాడు పోలీసు శాఖలో ఉద్యోగి. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఆట వయస్సు దాటిపోయినా ఉద్యోగం ఉంటుంది. ఆ రోజులలో రైల్వేలు, బ్యాంకులు, టెలిఫోనులు, సైన్యం అన్నీ ఇదే పద్ధతిన జట్లను పోషించినవి. పెండ్లిసంబంధం చూడవచ్చినవారికి “అబ్బాయి ఫుట్‌బాల్ ఆడుతాడు” అని చెప్పడానికి సంకోచించనక్కరలేని కాలమది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచినదంటే, దాని వెనుక ఇటువంటి జీతాల రిజిస్టర్లు ఉన్నవని మా నమ్మకం. క్రమంగా ఆ ఉద్యోగాలు తగ్గినవి, కలకత్తా సంఘాల పిలుపులు మంచి ఆటగాళ్లను తీసుకొనిపోయినవి, టెలివిజను క్రికెట్టును ప్రతి ఇంటి నట్టింట కూర్చోబెట్టింది. హైదరాబాదు ఫుట్‌బాల్ తాతల మాటలలోనికి వెళ్లిపోయింది.

అటువంటి సమయంలో, 2019 ఆగస్టులో, ఇండియన్ సూపర్ లీగులో ఆడటానికి హైదరాబాద్ ఎఫ్.సి. అనే క్రొత్త సంఘం ఏర్పడినదని విని మా ఆనందానికి అంతు లేదు. దాని చిహ్నంలో చార్మినారు శిఖరాన్ని, కోహినూరు వజ్రాన్ని చేర్చినారు. పసుపు, నలుపు రంగుల చొక్కా. ఆ రంగులనే మా జట్టుకు కూడా పెట్టుకొన్నాము. తెనాలిలో ఒక దర్జీ పాత చొక్కాల మీద అంకెలు కుట్టి ఇచ్చినాడు. ఆ సంతోషంలో ఎవరికీ పట్టని సంగతి ఒకటి ఉన్నది. హైదరాబాదుకు దక్కిన ఆ స్థానం పుణె నగరపు సంఘం మూతపడటం వలన ఖాళీ అయిన స్థానం. 2014 నుంచి ఐదేండ్లు ఆడిన పుణె జట్టు డబ్బు చాలక అంతరించింది. ఆ రోజున పుణెలో మావంటి కుర్రవాళ్లు ఎవరో తమ చొక్కాలను మడిచి పెట్టెలో పెట్టుకొని ఉంటారు.

మొదటి సంవత్సరం హైదరాబాదు పది జట్లలో పదవది. ఆ తరువాత మానోలో మార్క్వెజ్ అనే స్పెయిన్ దేశపు శిక్షకుడు వచ్చినాడు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనలులో కేరళ జట్టుతో 1–1గా నిలిచి, పెనాల్టీలలో 3–1తో గెలిచి, మన జట్టు ఛాంపియను అయింది. గోలుకీపరు కట్టిమణి ఆపిన బంతులను రేపల్లెలో ఒక మిత్రుని ఇంటి డాబా మీద, ఒక్క ఫోనులో, పన్నెండుమందిమి తలలు ఆనించి చూచినాము. అయితే ఆ సంవత్సరమూ, అంతకుముందు సంవత్సరమూ కరోనా కారణంగా లీగు మొత్తం గోవాలోనే జరిగింది. ఛాంపియను అయిన ఋతువులో హైదరాబాదు జట్టు హైదరాబాదులో ఒక్క ఆటయినా ఆడలేదు.

ఇది మనకు క్రొత్త కాదు. 2009లో డెక్కన్ ఛార్జర్స్ ఐ.పి.ఎల్. కప్పు గెలిచినది జొహానెస్‌బర్గులో. ఆ సంవత్సరం సార్వత్రిక ఎన్నికల వలన పోటీలన్నీ దక్షిణాఫ్రికాకు తరలినవి. మరుసటి సంవత్సరం ఉద్యమ పరిస్థితుల వలన ఆ జట్టు తన సొంత ఆటలను కటక్‌లోను, నాగపూర్‌లోను, నవీ ముంబైలోను ఆడవలసి వచ్చింది. 2012 సెప్టెంబరులో క్రికెట్ బోర్డు ఆ ఫ్రాంచైజీనే రద్దు చేసింది. తరువాత వ్యవహారం మధ్యవర్తుల వద్దకు, అక్కడినుంచి న్యాయస్థానానికి పోయింది. 2020లో మధ్యవర్తి 4,800 కోట్ల రూపాయలు దాటిన పరిహారాన్ని ప్రకటించగా, 2021లో బొంబాయి హైకోర్టు దానిని కొట్టివేసింది. మేము నెలకు మనిషికి 100 రూపాయల చందా వసూలు చేయలేక తలలు పట్టుకొనే రోజులలో ఆ అంకెను పత్రికలో చదివి, సున్నాలు లెక్క పెట్టడానికే ఒక సాయంకాలం పట్టింది.

ఫుట్‌బాల్ సంఘం పతనం మరీ త్వరగా జరిగింది. 2022–23లో లీగు పట్టికలో రెండవ స్థానం. ఆ తరువాతి ఋతువులోనే జీతాలు అందడం లేదన్న వార్తలు వెలువడినవి. బకాయిల కారణంగా క్రొత్త ఆటగాళ్లను తీసుకోరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధం విధించింది. విదేశీయులు, పేరున్న భారతీయులు ఒక్కొక్కరే విడిచిపోయినారు. మిగిలినవారు ఎక్కువగా యువకులు. థంగ్‌బోయి సింగ్టో వారిని వెంటబెట్టుకొని ఋతువును పూర్తి చేసినాడు. 22 ఆటలలో 8 పాయింట్లు, ఒకే ఒక గెలుపు. మా దృష్టిలో ఆ సంఘపు చరిత్రలో గౌరవించదగిన ఋతువు 2022 కాదు, ఇదే. జీతం లేకున్నా ప్రతి వారమూ బూట్లు కట్టుకొని వచ్చి ఓడిపోయినవారిని ఏ పత్రికా ముఖచిత్రం మీద వేయలేదు. 2024లో బి.సి. జిందాల్ గ్రూపు వారు సంఘాన్ని చేతిలోనికి తీసుకొన్నప్పుడు ఊపిరి పీల్చుకొన్నాము. 2025లో ఆ సంఘం ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకొన్నది. హైదరాబాదు వారి ఛాంపియను కప్పు ఇప్పుడు ఎవరి కప్పు అన్నది మాలో తెగని తగవు.

గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం మాత్రం తరలిపోలేదు. అది ప్రభుత్వపు ఆస్తి. సుమారు 30,000 మంది కూర్చోగల మెట్లు. 2024 సెప్టెంబరులో అక్కడ భారత్, సిరియా, మారిషస్ జట్లు ఇంటర్ కాంటినెంటల్ కప్పు ఆడినవి. అక్కడ మైదానం ఉన్నది, దానిలో ఆడే సంఘం లేదు. మా వద్ద సంఘం ఉన్నది, మైదానం లేదు.

మా జట్టు సంగతికి వచ్చేముందు ఒక పరదేశపు ఉదాహరణ చెప్పక తప్పదు. మాలో ఒకరి పినతండ్రిగారు ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో కొంతకాలం పని చేసి వచ్చినారు. అక్కడ రగ్బీ లీగు అనే ఆట ఉన్నది. జట్టుకు 13 మంది. అండాకారపు బంతిని చేతులతో పట్టుకొని పరుగెత్తుతారు. ఆ ఆట పుట్టుకే డబ్బు తగవు నుంచి జరిగింది. 1895లో ఉత్తర ఇంగ్లండు గనులలోను, మిల్లులలోను పనిచేసే ఆటగాళ్లు, శనివారం ఆటకు వస్తే ఆ పూట కూలి పోతుంది కాబట్టి ఆ మేరకైనా చెల్లించమన్నారు. లండను పెద్దమనుషులు, డబ్బు పుచ్చుకొని ఆడటం మర్యాద కాదన్నారు. ఉత్తరాది సంఘాలు హడర్స్‌ఫీల్డు పట్టణంలో ఒక హోటలులో సమావేశమై వేరుపడినవి. కడుపు నిండినవాడికి తప్ప ఆట ఆడే అధికారం లేదన్న మర్యాదను ఎదిరించినందుకు, ఆ ఆటను ఎన్నడూ చూడకపోయినా, దాని మీద మాకు అభిమానం కలిగింది.

ఆ బ్రాడ్‌ఫర్డులో బుల్స్ అనే సంఘం ఉన్నది. వారి మైదానం ఆడ్సల్, చెత్తను పోసి పూడ్చిన ఒక పెద్ద గుంటలో కట్టినది. 1954లో అక్కడ జరిగిన ఒక ఫైనలుకు లక్షమందికి పైగా వచ్చినారని లెక్కలున్నవి. 1997 నుంచి 2005 లోపల నాలుగు పర్యాయాలు ఛాంపియన్లయిన ఆ సంఘం, 2012లో దివాలా అంచుకు పోయింది. మైదానపు లీజును ఆట నిర్వాహక సంస్థయే కొనవలసి వచ్చింది. 2014లో మరల, 2016లో మరల అదే గతి. 2017 జనవరిలో పాత కంపెనీ రద్దయింది, క్రొత్త కంపెనీ వచ్చింది. 2019లో ఖర్చు భరించలేక సొంత మైదానాన్ని విడిచి ప్రక్క ఊరైన డ్యూస్‌బరీకి వెళ్లినారు. ప్రేక్షకులు బస్సులు మారి వెళ్లినారు. 2021లో తిరిగి ఆడ్సల్‌కు వచ్చినారు. ఇన్నిసార్లు చచ్చి ఎట్లా బ్రతికింది అని పినతండ్రిగారిని అడిగితే, ఆయన తడుముకోకుండా, “పేరు మారలేదు, ఊరు మారలేదురా, అందుకని జనం వదల్లేదు” అన్నారు.

మా విషయంలో ఊరే మూడు ఊళ్లు. తెనాలి నుంచి రేపల్లెకు పోయే రైలుమార్గం ఒక కొమ్మ వంటిది. బాపట్ల ప్రధాన మార్గం మీద ఉన్నది. ఆదివారం నాడు ఉదయం ఆటకు అందరమూ తెనాలి చేరాలంటే రెండు దిక్కుల బండ్లూ వేళకు రావాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి బాపట్ల, రేపల్లె ఒక జిల్లాకు, తెనాలి గుంటూరు జిల్లాకు చెందినవి. దానితో జిల్లా పోటీలకు మా జట్టు ఏ జిల్లా పేరున దరఖాస్తు చేయాలన్నది ఒక చిక్కు ప్రశ్న అయి కూర్చున్నది.

డెల్టాలో మైదానం దొరకడం ఎంత కష్టమో ఇతర ప్రాంతాలవారు ఊహించలేరు. ఇక్కడ నేల విశ్రాంతి ఎరుగదు. సార్వా వరి కోతకు రాకముందే ఆ పైరులోనే మినుములో, పెసలో చల్లుతారు. లేదా కోయగానే మొక్కజొన్న పెడతారు. బీడు అన్నది కంటికి కనబడదు. రేపల్లెలో చెరువు ప్రక్కన కొంత జాగా ఉన్నది గాని వర్షాకాలం నాలుగు నెలలూ మోకాటి లోతు బురద. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు మించి నీరు దిగినప్పుడు, మా ఆటగాళ్లలో ఇద్దరు పది రోజులు కట్టల మీద ఇసుక బస్తాలు మోసినారు. బాపట్ల వైపు నేల ఇసుకపఱ్ఱ. సూర్యలంక తీరాన ఆడితే కాళ్లకు బలం వస్తుంది, బంతి మాత్రం ఎగరదు. ఆ తీరాన మేము పాతిన వెదురు గోలుస్తంభాలను 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీసుకొనిపోయింది. తరువాత వెతికితే ఒకటి మాత్రం సరుగుడు తోపులో దొరికింది.

కాబట్టి తెనాలి ప్రక్కనున్న ఆ రెండెకరాలే మా ఇల్లు. చౌడు పట్టి పంటకు పనికిరాని చేను. దాని యజమానిగారు వయోవృద్ధులు. మొదటి మూడేండ్లు మా వద్ద ఒక్క పైసా పుచ్చుకోలేదు. తరువాత వారి కుమారులు సంవత్సరానికి 6,000 రూపాయలు అడిగితే ఇచ్చినాము. 2014 తరువాత రాజధాని మాట వినబడినప్పటి నుంచి ఈ ప్రాంతపు భూములకు వచ్చిన ధరలు అందరూ ఎరిగినవే. ఇప్పుడు ఆ చేను ఇళ్ల స్థలాలుగా మారనున్నది. వారిని తప్పు పట్టే అధికారం మాకు లేదు. వారి ఇంటిలోనూ పెండ్లిళ్లు ఉన్నవి, చదువులున్నవి. పెద్దాయన మాత్రం మొన్న గట్టు మీద నిలబడి ఆట చూచి, “ఉగాది దాకా ఆడుకోండి నాయనా, ఆ తరువాత నా మాట చెల్లదు” అని చెప్పి వెళ్లినారు.

మైదానం పోతే జట్టు పోతుందా అని కొందరు మిత్రులు అంటున్నారు. ఎక్కడో ఒకచోట ఆడవచ్చునట. వారి మాటను మేము అంగీకరించలేము. గుంటూరులోనో, విజయవాడలోనో గంటల లెక్కన అద్దెకిచ్చే కృత్రిమ పచ్చిక గదులు వచ్చిన మాట నిజమే. వెలుతురు దీపాలు, వలలు, అన్నీ ఉన్నవి. ఒక్క గంటకు అక్కడ చెల్లించేది మాకు నెల చందాలో సగం. పైగా మా చేను గట్టు మీద సాయంకాలం చేరే చిన్నపిల్లలు అక్కడికి రాలేరు. బయటికి పోయిన బంతిని పోటీపడి తెచ్చిచ్చే ఆ పిల్లలలో నుంచే మా గోలుకీపరు వచ్చినాడు. అతని తండ్రి రిక్షా బండి మీద అరటిపండ్లు అమ్ముతారు. పదమూడవ యేట గట్టు మీద కూర్చున్నవాడు, పదిహేడవ యేట కర్ర మధ్య నిలబడినాడు. అద్దె మైదానంలో గట్టు ఉండదు.

ఇక కళాశాల సంఘం పెద్దలకు మా విన్నపం. మన కళాశాల వెనుక మైదానం ఉన్నది. పడమటి వైపు సగం తుమ్మచెట్లు, ఒక మూల పాత బెంచీల గుట్ట. సాయంత్రం 5 గంటలకు గేటు మూసివేస్తారు. వారానికి రెండు సాయంకాలాలు, ఆదివారం ఉదయం, ఆ గేటు తాళం మాకు ఇప్పించవలసినదిగా కోరుతున్నాము. తుమ్మలు కొట్టించే కూలి మేము పెట్టుకొంటాము. పరీక్షల నెలలోను, జుమా నమాజు వేళను, పండుగ దినాలలోను అడుగు పెట్టము. బయటివారు లోనికి వస్తే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు, ప్రతి ఆటగాడి పేరు, తండ్రి పేరు వ్రాసిన పట్టీ కార్యాలయంలో ఉంచుతాము. క్రికెట్టు ఆడే సోదరులకు పిచ్ చెడుతుందన్న భయం ఉన్నది. అది న్యాయమైన భయమే. కాబట్టి గోలుస్తంభాలను అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా పాతుతామని వారితో మాట్లాడి ఒప్పించినాము. ఆడపిల్లలు కూడా ఒక సాయంకాలం కావాలని ద్వితీయ సంవత్సరపు చెల్లెళ్లు అడిగినారు. మేము కోరే రెండింటిలో ఒకటి వారికి ఇవ్వడానికి మాలో ఇద్దరు తప్ప అందరూ సమ్మతించినారు. ఆ ఇద్దరితో వాదన సాగుతున్నది.

డబ్బు మాట దాచవలసినది కాదు. హైదరాబాదు కథలోను, బ్రాడ్‌ఫర్డు కథలోను మేము గ్రహించినది, లెక్క ఎవరికీ తెలియకపోవడంతోనే కీడు మొదలవుతుందని. జీతం రాలేదన్న సంగతి ఆటగాడికి ముందు తెలుస్తుంది, అభిమానికి చివరకు తెలుస్తుంది. కాబట్టి మా నోటుపుస్తకాన్ని ప్రతి మూడు నెలలకు కళాశాల గ్రంథాలయపు బల్ల మీద ఉంచదలచినాము. ఎవరైనా చూడవచ్చును. దుకాణాలవారు చొక్కాల మీద తమ పేరు వేయించుకొని విరాళం ఇస్తామన్నారు. ఒక వస్త్ర దుకాణం వారు ఉదారంగానే చెప్పినారు గాని, జట్టు పేరు కూడా తమదే ఉండాలన్నారు. ఆ సమావేశం రాత్రి పది దాటేవరకు సాగింది. డబ్బు కావాలన్నవారు ఎక్కువ, పేరు మార్చరాదన్నవారు తక్కువ. చివరకు చొక్కా వెనుక భాగం ఇవ్వడానికి, పేరు ఇవ్వకపోవడానికి తీర్మానించి వారికి జాబు వ్రాసినాము. ఇంతవరకు ప్రత్యుత్తరం రాలేదు.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి సంఘం పెద్దల నిర్ణయం తెలిసి ఉండవచ్చును. నేటికి పుస్తకంలో నిల్వ 2,340 రూపాయలు. చేను అద్దె బాకీ లేదు. బంతులు రెండు, అందులో ఒకదాని కుట్టు విడిపోతే రైలుస్టేషను ఎదుట కూర్చొనే చర్మకారునికి ఇచ్చి వచ్చినాము. ఆదివారానికి కుట్టి ఇస్తానన్నాడు.